పలక మీద బావి

మార్కాపురం
3 ఫిబ్రవరి 1937

బావా,

అలిగి లేచిపోయినానని మీ ఇంట్లో తీర్పు రాసేసినారన్న మాట. సాక్షిని పిలవలేదు, ముద్దాయిని అడగలేదు. న్యాయాధిపతి మగ్దలీనమ్మ. ఆమె నా చెల్లెలు కాబట్టి ఆ తీర్పు మీద అప్పీలు ఉండదని నాకు చిన్నప్పటి నుంచే తెలుసు.

ఆమె తప్పు కూడా లేదులే. కొత్తింటి ప్రార్థనకు పిలిచింది, పదిమంది మధ్య పీట వేసి కూర్చోబెట్టింది, కోడికూర వడ్డించింది. నేను రెండో ముద్ద కలపకుండానే లేచి పెరట్లోకి పోయినా. అటు నుంచి అటే స్టేషనుకు పోయి సాయంత్రం బండెక్కినా. తిన్నాక పెరడంతా చూసి బావి ఎక్కడ తవ్వాలో చెప్తానని మాటిచ్చింది కూడా నేనే. రాళ్ళ సంగతి తెలిసిన అన్న చెప్పేదాకా గడ్డపార వేయనని ఆమె కూర్చుంది. అన్నం ముందు నుంచి లేచిపోయినోడు బావి సంగతి ఏం చెప్తాడు?

ఇప్పుడు నిజం రాస్తా. చదివినాక పొయ్యిలో పెట్టు, మగ్దలీనమ్మకు చెప్తే నామీద ఒట్టు.

నాకు కూర్చునే చోట దురద. అక్కడ, ఇక్కడ కాదు, సరిగ్గా ఆ చోటే. నాలుగేళ్ళాయె. మొదట్లో వారానికోసారి చుట్టంలా వచ్చి పోయేది. ఇప్పుడు ఇంటల్లుడైంది. పీట మీద కూర్చుంటే పది నిమిషాలు, చర్చిలో బెంచీ మీదైతే ఒక కీర్తన. ఆ తర్వాత చీమలపుట్ట మీద కూర్చున్నట్టే. అందుకే ఆరాధనంతా వెనక గోడ దగ్గర నిలబడతా ఉన్నా. పాస్టరుగారు నా భక్తిని మెచ్చుకున్నాడు. నన్ను చూసి ఇద్దరు ముసలోళ్ళు కూడా నిలబడటం మొదలుపెట్టినారు. పలకల కార్ఖానాలో కూర్చుని పలక చీల్చే పని మానేసి, కూలోళ్ళ చుట్టూ తిరుగుతా ఉన్నా. మేస్త్రీ ఈ మధ్య మహా చురుగ్గా ఉన్నాడని షావుకారు అందరికీ చెప్తున్నాడు.

ఇంతదాకా నవ్వుకునే సంగతే. మొన్న గడ్డం గీసుకునే అద్దం నేల మీద పెట్టి చూసినా. యాభై మూడేళ్ళు వెంట తిప్పుకున్న చోటును మొదటిసారి చూసినా బావా. పరిచయం పెంచుకోవాల్సిన ముఖం కాదు. కుడిపక్కన తెల్లగా, మందంగా ఒక మచ్చ ఉంది. మా నాయన మేనమామకు వీపు మీద అట్లాంటి మచ్చతోనే పెద్దరోగం మొదలైందని మా అమ్మ చెప్పేది. కుష్టు అనే మాట ఆమె నోటితో అనేది కాదు, నేనూ రాయకూడదనుకున్నా. రాసేసినా.

అదే అయితే మీ అక్క ఎలీషబాకు అంటకూడదు. నా కంచం, చెంబు వేరు చేసుకున్నా. ఎందుకని అడిగింది, ఏదో చెప్పినా. నువ్వు ఇరవై ఏళ్ళ నుంచి కాంపౌండరువి, ఎన్నో మచ్చలు చూసుంటావు. ఏంది ఇది?

ఈ జాబు పలకల దొంతి మీద కాగితం పెట్టి నిలబడి రాస్తున్నా. అక్షరాలు వంకర పోయింది అందుకే, చదువు తక్కువై కాదు.

నీ బావ
ఆశీర్వాదం

గిద్దలూరు
8 ఫిబ్రవరి 1937

ప్రియమైన బావకు,

కాగితం పొయ్యిలో పెట్టినాను. పెడుతుండగా మీ చెల్లెలు చూసింది. అన్న జాబును కాల్చేస్తున్నావంటే అందులో నన్ను ఎంత తిట్టినాడో అని ఏడ్చింది. నువ్వు ఒట్టు పెట్టినావు కాబట్టి నోరు మూసుకున్నాను. మూసుకోవడం చూసి తిట్టినాడనే ఖాయం చేసుకుంది. మన పరిస్థితి ఇది.

ముందు ఒక మాట. ఆ చోటు, ఈ చోటు అని రాస్తే నాకు తెలియదు. దాన్ని మలద్వారం అంటారు. మన డాక్టరు గిద్యోను గారు దినానికి నలుగురివి చూస్తాడు, తర్వాత ఇంటికి పోయి హాయిగా భోంచేస్తాడు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బండెక్కి వచ్చి చూపించుకో.

వచ్చేలోపల వీటికి జవాబు రాయి. రక్తం పడుతుందా? విరేచనం గట్టిగానా, పలచగానా? తెల్లని సన్న పురుగులు కనబడినాయా? వేళ్ళ సందుల్లో, నడుం దగ్గర దురద ఉందా? దాహం, అతిమూత్రం ఉన్నాయా? మచ్చ ఎంత వెడల్పు, ఏ పక్క? అన్నిటికంటే ముఖ్యం, ఇన్నాళ్ళూ దానికి ఏమేమి పూసినావు? ఒక్కటీ దాచొద్దు.

కంచం వేరు చేసుకున్నావని చదివి ఆ పూట నాకు అన్నం సహించలేదు. చూడకుండా నేను ఏదీ చెప్పకూడదు. కానీ తొందరపడి నీకు నువ్వు శిక్ష వేసుకోవద్దు.

కరుణాకరం

మార్కాపురం
15 ఫిబ్రవరి 1937

బావా,

అంత పెద్ద మాట నువ్వు కాగితం మీద పెట్టేసినాక నాకింకేం సిగ్గు. రాసుకో.

రక్తం ఎప్పుడన్నా ఒక చుక్క, అదీ గోకినాకే. విరేచనం మామూలు. పురుగులు లేవు, వెతికినా. వేళ్ళ సందుల్లో ఏమీ లేదు. దాహం అందరిదీ ఎంతో నాదీ అంతే.

పూసినవి చెప్తా. గంధకం కొబ్బరినూనెలో. వేపాకు నూరి. తిరునాళ్ళలో కొన్న తామరమందు, అది పెట్టిన రోజు కార్ఖానా చుట్టూ మూడుసార్లు పరిగెత్తినా. ఒకసారి కిరోసిను. ఇవన్నీ పైపైన. అసలు మందు మాత్రం ఎర్ర కార్బాలిక్ సబ్బు, కొబ్బరిపీచు. రోజుకు నాలుగుసార్లు, నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. మన బడిలో దొరసాని ఎర్రసబ్బు చేత్తో పట్టుకుని, రోగమంతా మురికిలోనే ఉంటుంది పిల్లలూ, రుద్ది కడగండి అని చెప్పిన పాఠం గుర్తుందా? ఆ పాఠానికి బహుమానం వచ్చింది నాకే. నీకు రాలేదు. ఆ తెలివి నాకింకా ఉంది కాబట్టే రోగం ఈపాటికి నెత్తికెక్కకుండా ఆగింది.

మచ్చ ఎంత, ఏ పక్క అని అడిగినావు. మాటల్లో కుదరలేదు. అద్దంలో చూసి పలక మీద బొమ్మ గీసి, రైలుపట్టాల గ్యాంగు పనికి గిద్దలూరు పోతున్న సీమోను చేతికిచ్చినా. చెరిగిపోకుండా మేకుతో గీకినా. మధ్యలో గుండ్రం, చుట్టూ ముడతలు, కుడిపక్క మచ్చ. అక్కడ ‘ఇక్కడ’ అని బాణం గుర్తు వేసినా. ఇంకేమీ రాయలేదు, దారిలో ఎవరన్నా చూస్తారని. దాన్ని మీ డాక్టరుకు చూపించు. బొమ్మ పోతే నేను పోనక్కర్లేదు గదా.

రావడం మాత్రం నావల్ల కాదు బావా. ఆయన చూసి ఔనంటే? అనకుండా ఉన్నంతకాలం కాదేమో అనే ఆశన్నా ఉంటుంది. ఔనంటే కుష్టు ఆశ్రమానికి ఎట్ల పోవాలో కనుక్కుని పెట్టుకున్నా. ఎలీషబాకు పొలం పని మీద పోతున్నానని చెప్తా. మాకు పొలం లేదు, ఆ ముక్క ఆమె కనిపెట్టేలోపు బండి కదులుద్ది.

ఆశీర్వాదం

గిద్దలూరు
22 ఫిబ్రవరి 1937

ప్రియమైన బావకు,

పలక చేరింది. నా చేతికి కాదు.

సీమోను నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఇంటికిపోయి, మీ అన్న పంపినాడమ్మా అని మగ్దలీనమ్మకు ఇచ్చినాడు. ఆమె గుడ్డ విప్పి చూసింది. మధ్యలో గుండ్రం. చుట్టూ గీతలు. కుడిపక్క గుర్తు, ‘ఇక్కడ’. నేను ఇంటికొచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోతా ఉంది. "చూసినావా, మా అన్నకు కోపం పోయింది. నోటితో చెప్పకపోయినా బావి ప్లాను గీసి పంపినాడు. కాగితం మీద కాదు, పలక మీద, మేకుతో. అదీ మా అన్నంటే" అన్నది.

అది బావి కాదని ఎట్ల చెప్పేది బావా? చెప్పొద్దని నువ్వే ఒట్టు పెట్టినావు.

ఆ సాయంత్రమే బావులు తవ్వే ఓబులయ్యను పిలిపించింది. అతను పలకను అటుతిప్పి ఇటుతిప్పి చూసి, "రాయి తెలిసిన మనిషి గీత ఇట్లనే ఉంటదమ్మా. ఈ ముడతలు మట్టిపొరలు. ఈ కుడిపక్క తెల్లరాయి, దాని కింద నీళ్ళు" అన్నాడు. పెరట్లో కుడివైపు ముగ్గుపిండితో గుండ్రం గీసినారు. పలకను ముందుగది గోడకు తగిలించినారు. వచ్చినోళ్ళంతా చూసి మెచ్చుకుంటున్నారు. పాస్టరుగారు కూడా.

ఇక డాక్టరు గారి సంగతి. నీ పేరు చెప్పకుండా అంతా చెప్పినాను. బొమ్మ చూసి రోగం చెప్పే విద్య నాకు రాదు, మనిషిని పంపు అన్నాడు. కానీ నువ్వు పూసిన మందుల జాబితా చదువుతుంటే కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. కిరోసిను దగ్గర ఒకసారి, కొబ్బరిపీచు దగ్గర ఇంకోసారి మూలిగినాడు. ఈ క్షణం నుంచి అన్నీ ఆపమన్నాడు. సబ్బు ముందు ఆపాలి. దొరసాని ఆ పాఠం చెప్పింది చేతులకు, బావా. నేనూ ఆ తరగతిలోనే ఉన్నాను.

మంచినీళ్ళతో మెల్లగా కడుక్కో. రుద్దవద్దు. పాత మెత్తని పంచెగుడ్డతో అద్ది తడి తీయి. గోళ్ళు పూర్తిగా కత్తిరించు. గోచీ బిగించి కట్టవద్దు.

ఇంకొకటి అడిగినాడు. "ఆ మచ్చ దురద పెడుతుందన్నావా?" అన్నాడు. భరించలేనంత అన్నాను. ఆయన ముఖం నాకు తెలుసు. మంచి ముఖమే పెట్టినాడు. రా బావా. బావి పనికి ప్రార్థన చేయడానికి అన్న రావాలని మగ్దలీనమ్మ ఎట్లాగూ పట్టుబట్టి ఉంది. నీకు సాకు సిద్ధంగా ఉంది.

కరుణాకరం

మార్కాపురం
1 మార్చి 1937

బావా,

నీ జాబు మూడుసార్లు చదివినా. మొదటిసారి చెమట పట్టింది, రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి మళ్ళీ చెమట. నా వెనకభాగం మీ ముందుగదిలో వేలాడతా ఉంది. పాస్టరుగారు దాన్ని మెచ్చుకున్నాడు. ఓబులయ్య దాన్నిబట్టి గడ్డపార వేస్తున్నాడు. నీళ్ళు పడకపోతే మగ్దలీనమ్మ నన్ను ఏడుతరాలు గుర్తుపెట్టుకుంటుంది. పడితే ఇంకా కష్టం, జిల్లా అంతా నా చేత బావులు గీయిస్తారు.

సబ్బు మానేసినా. మానేసిన రెండోరోజు, మూడోరోజు దురద రెట్టింపైంది. నిన్ను, మీ డాక్టరును, దొరసానిని వరసగా తలచుకున్నా. ఐదోరోజు కొంచెం మెత్తబడింది. అబద్ధమెందుకు, కొంచెమే.

ఎలీషబా నిన్న నా కంచాన్ని నా ముందు పెట్టి ఒక మాట అన్నది. "ఊళ్ళో మనకు వేరే గ్లాసు పెట్టినోళ్ళను చూసినా. సొంత ఇంట్లో తనకు తనే వేరే కంచం పెట్టుకున్నోణ్ణి నిన్నే చూసినా. నేనేం అపరాధం చేసినానో చెప్పి తిను." అపరాధం ఆమెదనుకుంటా ఉంది బావా, నెల రోజుల నుంచీ.

అందుకే వస్తున్నా. పదో తేదీ. రైల్లో సీటు దొరకలేదేమని ఎవరూ జాలిపడొద్దు, నిలబడే వస్తా.

ఆశీర్వాదం

మార్కాపురం
16 మార్చి 1937

బావా,

మొన్న నువ్వు తలుపు బయట నిలబడి, లోపల ఏం జరిగిందని అడిగితే బండికి టైమైతుందని తప్పించుకున్నా. బావి గుంట దగ్గర నా ప్రార్థన అయినాక స్టేషను దాకా నాతో వచ్చి కూడా మళ్ళీ అడగలేదు. ఆ మర్యాదకు ఇప్పుడు బదులు రాస్తున్నా.

డాక్టరు మొదట నా చెవితమ్మెలు చూసినాడు, మోచేతి నరం తడిమినాడు. అడ్రసు తప్పినాడేమో అనుకున్నా. మూత్రాన్ని నీలం మందులో పోసి కాచినాడు. నీలం నీలంగానే ఉంది, చక్కెర లేదన్నాడు. తర్వాత పక్కకు తిరిగి పడుకోమని అసలు చోటు చూసినాడు. మొలలు లేవు, పుండు లేదు, చీలిక లేదు. వేలితో కూడా పరీక్ష చేసినాడు. ఆ సంగతి నేను ఎక్కడా చెప్పను, ఆయనా చెప్పడు, మా ఇద్దరికీ ఒప్పందం.

అప్పుడు మేజా మీది నుంచి ఒక కోడిఈక, ఒక గుండుసూది తీసినాడు. "కళ్ళు మూసుకో. నేను అంటించేది ఈకో, సూదో చెప్పు" అన్నాడు. ఈక, సూది, ఈక, ఈక, సూది. పదహారుసార్లు అడిగినాడు. సరిగ్గా మచ్చ మీదే. పదహారూ చెప్పినా. బడిలో కూడా నాకు అన్ని మార్కులు రాలేదు.

"కుష్టుమచ్చ అయితే నీకు ఈక తెలియదయ్యా. సూది కూడా తెలియకపోవును. దురద అసలే ఉండదు. నీ చర్మం చచ్చిపోలేదు, మరీ ఎక్కువగా బతికి ఉంది. నాలుగేళ్ళు కడిగి, రుద్ది, గోకి, కాల్చి దాన్ని ఏనుగుతోలు చేసినావు. మొదట దురద ఎందుకొచ్చిందో నాకు తెలియదు, ఎప్పుడో పోయుంటుంది. ఇప్పుడున్నది నీ వైద్యం తెచ్చిన రోగం" అన్నాడు.

నేను గోడవైపు తిరిగి ఉన్నా కాబట్టి బతికిపోయినా. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన అవతలికి పోయి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టినాడు. అంతసేపు చేతులు కడిగే మనిషిని నేను చూళ్ళేదు. ఎర్రసబ్బే.

జింకు మందు పలచగా పూస్తున్నా. కారం సగం తగ్గించినా, కాఫీ మానేసినా, రోజూ ఆకుకూర. ఆరువారాల్లో మచ్చ పలచబడకపోయినా, రక్తం ఎక్కువైనా సిగ్గుపడి ఆగకుండా మళ్ళీ రమ్మన్నాడు. వస్తానని మాటిచ్చినా.

ఇంటికొచ్చి ఎలీషబాకు మొత్తం చెప్పినా. విని, లేచి నా వేరే కంచం తీసుకుపోయి కోళ్ళకు నూకలు పోసింది. "మిగతా సంగతి తర్వాత మాట్లాడతా" అన్నది. వారమైంది, ఇంకా మాట్లాడతానే ఉంది.

ఆశీర్వాదం

గిద్దలూరు
20 ఏప్రిల్ 1937

ప్రియమైన బావకు,

నీళ్ళు పడినాయి. ఇరవై మూడు అడుగుల్లో, కుడిపక్క, తెల్లరాయి కింద. పక్కిళ్ళలో కూడా అంతే లోతులో పడినాయని నేను చెప్పబోతే మగ్దలీనమ్మ నా వైపు చూసిన చూపుకు మధ్యలోనే ఆపేసినాను. మా అన్న పలక మీద చూసి చెప్పిన నీళ్ళు అంటుంది. ఓబులయ్య ఆ పలకను ఒక నెల వాడుకుని తిరిగిస్తానని అడిగినాడు, కొమరోలు వైపు ఇంకో బావి ఉందట. ఇవ్వనన్నది.

ఈస్టరు ముందు రోజు శుద్ధిగా ఉండాలని మళ్ళీ ఎర్రసబ్బు వాడినావని, పండగంతా నిలబడినావని అక్క రాయించిన కార్డు వచ్చింది. డాక్టరు గారికి చెప్పినాను. కోప్పడలేదు. ఒకసారి జారినంత మాత్రాన చేసిన వైద్యమంతా పోదు, మళ్ళీ మంచినీళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టమను అన్నాడు. వేసవి చెమట వల్ల అప్పుడప్పుడు దురద తిరిగి వస్తుందట. వస్తే భయపడవద్దు, గోకవద్దు, తడిగుడ్డ అద్దుకో.

మే పన్నెండున బావి గట్టు ప్రార్థన. నువ్వే చేయాలని మగ్దలీనమ్మ అంటుంది. నువ్వు గట్టు మీద కూర్చుని మొదటి చెంబు తాగాలట. కూర్చోగలవా? ఇంకొకటి. పలక ముందు నిలబడి అప్పుడప్పుడు అడుగుతా ఉంది, ఈ ముడతలు మట్టిపొరలైతే గుండ్రానికి నాలుగువైపులా ఎందుకున్నాయి అని. నా వైపు అదోలా చూస్తుంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నేను ఆమె దగ్గర దాచింది ఇదొక్కటే. నా ఒట్టు తీసేయి బావా.

కరుణాకరం

మార్కాపురం
11 మే 1937

బావా,

అక్షరాలు చూసినావా, తాడు పట్టి గీసినట్టున్నాయి. కూర్చుని రాస్తున్నా. చెక్కబెంచీ మీద, కింద ఏమీ వేసుకోకుండా. కాఫీ లేదు గాని, ఆ ఒక్క లోటు తప్ప రాజులా ఉన్నా. పొద్దున కార్ఖానాలో మూడుగంటలు కూర్చుని పలక చీల్చినా. షావుకారు వచ్చి, మేస్త్రీకి మళ్ళీ సోమరితనం వచ్చిందే అన్నాడు. ఆ మాట ఎంత తియ్యగా ఉందో నీకు చెప్పలేను. మొన్న ఆదివారం ముందు బెంచీలో కూర్చున్నా. వెనక గోడ దగ్గర ఆ ముసలోళ్ళిద్దరూ ఇంకా నిలబడే ఉన్నారు, పాపం, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

అద్దం మళ్ళీ నేల మీద పెట్టి చూసినా. మచ్చ ఎండిన ఆకులా పలచబడింది, అంచులు చుట్టూ రంగు తిరిగింది. దురద పోయిందని అనను. ఎండ ముదిరితే సాయంత్రం ఒకసారి తలుపు తడుతుంది. తడిగుడ్డ అద్దితే వెళ్ళిపోతుంది. ఇంటల్లుడు మళ్ళీ చుట్టమైనాడు, అంతే. దురద పెట్టినప్పుడు ఇప్పుడు ముందుగా అనిపించేది ఏందో చెప్తా, నవ్వొద్దు. ఈక తెలుస్తా ఉంది గదా, అనుకుంటా.

రేపు ఉదయం బండికి నేను, ఎలీషబా వస్తున్నాం, ఈ జాబు ఇవాళ సాయంత్రం బండికే సీమోను తెస్తాడు, ఈసారి నీ చేతికే ఇమ్మన్నా. సీట్లో కూర్చుని వస్తాం, ఇద్దరం. గట్టు మీద కూర్చుంటా, చెంబు తాగుతా, ప్రార్థన పొడుగ్గా చేస్తా, ఆపమని ఎవరన్నా దగ్గినా ఆపను. నీ ఒట్టు తీసేసినా. కానీ నువ్వు చెప్పొద్దు, నేనే చెప్తా. అన్నం ముందు నుంచి లేచిపోయినోడు మళ్ళీ అన్నం ముందు కూర్చుని చెప్పడమే న్యాయం. నవ్వుద్దో, నెత్తిన చెంబు వేస్తుందో, అదీ ఆమె తీర్పే. పలక మాత్రం గోడ మీద నుంచి తీయించు, పాస్టరుగారు ఇంకోసారి చూడకముందే.

మొదటి మాట ఏమనాలో రెండు రోజులుగా కుదుర్చుకుంటున్నా. ఇట్ల అనుకున్నా, ఎట్లుందో చూడు. ఎలీషబా పిలుస్తా ఉంది, మూట కట్టడానికి తాడు దొరకలేదంట, బెంచీ మీద అతుక్కుపోయినావా లేస్తావా అంటా ఉంది. వస్తున్నా అని చెప్పినా, ఈ ఒక్క ముక్క రాసి లేస్తా. అమ్మా మగ్దలీనా, ఆ పలక మీద ఉన్నది బావి కాదు తల్లీ, అది మీ అన్న